సుఖంలో అదృష్టం వాటా ఎంత?

మనిషి ఆయుష్షు 70 ఏళ్లు అనుకుంటే, మధ్యలో వచ్చే అధిక మాసాలు కూడా కలుపుకొని మొత్తం 26,250 రోజులు. వాటిలో ఏ ఒక్క రోజూ ఇంకో రోజులా ఉండదు. కాబట్టి రాజా, మనిషి బతుకంతా అదృష్టం చేతిలో ఉంది.

ఈ లెక్క కట్టి చెప్పినవాడు ఏథెన్స్ నగరానికి చట్టాలు రాసిన సోలన్. విన్నవాడు లిడియా రాజు క్రీసస్. ఇప్పటి టర్కీ పశ్చిమ భాగంలో, సార్డిస్ రాజధానిగా ఏలిన క్రీసస్ ఆ కాలానికి కుబేరుడి కింద లెక్క. అతిథిగా వచ్చిన సోలన్‌కు మూడు నాలుగు రోజులు మర్యాదలు చేసి, సేవకుల చేత ఖజానా అంతా చూపించాడు. ఆ తర్వాత అడిగాడు: ఇన్ని దేశాలు తిరిగారు కదా, మీరు చూసినవాళ్లలో అందరికంటే సుఖంగా బతికింది ఎవరు? తన పేరే వస్తుందనుకున్నాడు. సోలన్ మాత్రం టెల్లస్ అనే ఏథెన్స్ మనిషి పేరు చెప్పాడు. ఊరు చల్లగా ఉన్న రోజుల్లో బతికాడు, కొడుకులు ప్రయోజకులయ్యారు, మనవలను కళ్లారా చూశాడు, చివరికి యుద్ధంలో ఊరి కోసం పోరాడి పోయాడు. పడిపోయిన చోటే ఊరంతా కలిసి అంత్యక్రియలు చేసింది.

పోనీ రెండో స్థానమైనా తనకు వస్తుందని క్రీసస్ ఆశ. అదీ దక్కలేదు. ఆర్గోస్‌కు చెందిన క్లియోబిస్, బైటన్ అనే అన్నదమ్ముల పేర్లు చెప్పాడు సోలన్. హేరా దేవి ఉత్సవానికి తల్లిని తీసుకెళ్లాలి, ఎడ్లు పొలం నుంచి ఇంకా రాలేదు. కొడుకులిద్దరూ కాడి తమ భుజాన వేసుకుని, తల్లి కూర్చున్న బండిని 45 స్టేడియాల దూరం, అంటే సుమారు 8 కిలోమీటర్లు లాక్కెళ్లారు. జనం మెచ్చుకుంటుంటే ఆ తల్లి పొంగిపోయి, మనిషికి ఏది అన్నిటికంటే మేలో అది నా బిడ్డలకు ఇవ్వమని దేవిని వేడుకుంది. ఆ రాత్రి గుడిలో పడుకున్న ఇద్దరూ మళ్లీ లేవలేదు. బండి దాకా వింటే మనకు శ్రవణకుమారుడి కావడి గుర్తొస్తుంది. ఆ వరం విన్నాక మాత్రం నోట మాట రాదు. అయితే గుడిలో ప్రదక్షిణ చేసి కాసేపు కూర్చున్న పెద్దవాళ్లు ‘అనాయాసేన మరణం, వినా దైన్యేన జీవనం’ అనుకుంటూ కోరేది కూడా దీనికి మరీ దూరమైంది కాదు.

ఈ కథను క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. తర్వాత క్రీసస్ కొడుకు వేటలో గురి తప్పిన ఈటె తగిలి చనిపోయాడు. సుమారు క్రీ.పూ. 546లో పర్షియా రాజు సైరస్ సార్డిస్‌ను పట్టుకున్నాడు. చితి మీద నిలబెట్టినప్పుడు క్రీసస్ మూడుసార్లు సోలన్ పేరు పలికాడని హెరొడోటస్ అంటాడు. చరిత్రకారులు ఈ భేటీనే నమ్మరు. సోలన్ చట్టాలు క్రీ.పూ. 594 నాటివి, క్రీసస్ గద్దె ఎక్కింది 560 ప్రాంతంలో. ఇద్దరి కాలాలూ సరిగా కుదరవు. కథ కల్పితమైనా కావచ్చు కానీ, అది లేపిన ప్రశ్న మాత్రం గ్రీకు, రోమన్ తత్వవేత్తలను కొన్ని వందల ఏళ్ల పాటు వదల్లేదు.

ప్రాచీన తత్వశాస్త్రంలో సుఖం గురించి మాట్లాడేటప్పుడు, అరిస్టాటిల్ గుణం ముఖ్యమన్నాడు, ఎపిక్యూరస్ భోగం ముఖ్యమన్నాడు, స్టోయిక్కులు ఓర్పు ముఖ్యమన్నారు అని మూడు ముక్కల్లో తేల్చేయడం అలవాటైపోయింది. అలా చెబితే వాళ్లు దేని మీద గొడవ పడ్డారో కనిపించదు. బాగా బతకడంలో మన వాటా ఎంత, అదృష్టం వాటా ఎంత అన్నదే అసలు తగాదా. సోలన్ వాటా మొత్తం అదృష్టానికే రాసిచ్చేశాడు. తర్వాత వచ్చిన ప్రతివాడూ అందులోంచి కొంత వెనక్కి లాక్కోవాలని చూసినవాడే.

గ్రీకులు వాడిన మాట యుడైమోనియా. ‘యు’ అంటే మంచి, ‘డైమోన్’ అంటే మనిషిని వెన్నంటి ఉండే దైవశక్తి. దీనికి సుఖం, ఆనందం, సంతోషం అనే అనువాదాలేవీ సరిగా అతకవు. అవన్నీ మనసులో కలిగే భావాలు. ఇవాళ సర్వేల్లో, సున్నా నుంచి పది వరకు మార్కులేసుకుంటే మీరు ఎక్కడున్నారని అడుగుతారు. గ్రీకుల లెక్కలో ఆ జవాబు తప్పయ్యే వీలుంది. తాను హ్యాపీగా ఉన్నాననుకునే మనిషికి యుడైమోనియా లేకపోవచ్చు. క్రీసస్ విషయంలో జరిగింది అదే. తెలుగులో దీనికి దగ్గరి మాట ‘బతికి చెడ్డ కుటుంబం’ అనే నానుడిలో దొరుకుతుంది. అక్కడ బతకడం అంటే ఊపిరి పీల్చడం కాదు. నలుగురిలో గౌరవంగా, నిండుగా, చేయాల్సిన పనులు చేస్తూ ఉండటం. చెడటం అంటే చావడం కాదు, ఆ బతుకు చేజారడం. అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలో తేల్చాలనుకున్నదీ ఇదే: బతికి చెడ్డవాణ్ణి ఏమనాలి?

అతను తీసుకున్న ఉదాహరణ ట్రాయ్ రాజు ప్రయామ్. యాభైమంది కొడుకులు, నిండు రాజ్యం. ముసలితనంలో యుద్ధం వచ్చి, ధృతరాష్ట్రుడిలా కొడుకులను పోగొట్టుకున్నాడు, ఊరు తగలబడింది, తానూ హతమయ్యాడు. ఇలాంటివాణ్ణి సుఖపడ్డాడని ఎవరూ అనరని అరిస్టాటిల్ ఒప్పుకుంటాడు. కానీ సోలన్ మాట పూర్తిగా పట్టుకుంటే వచ్చే చిక్కును కూడా బయటపెడతాడు. చచ్చేదాకా ఎవరినీ సుఖి అనకూడదంటే, ఆ మాట అనడానికి వీలయ్యే సమయానికి ఆ మనిషే ఉండడు. బతుకు అంటే చేసే పని అని చెబుతూ, పని లేని చోట, అంటే చావులో, సుఖాన్ని వెతకడం ఏం న్యాయం?

అందుకే మధ్యేమార్గం పట్టాడు. సుఖం అనేది మనసుకు కలిగే స్థితి కాదు, మనిషి తన బుద్ధిని, గుణాన్ని వాడుతూ జీవితమంతా చేసే పని. ఒక్క స్వాలో పిట్ట వచ్చినంత మాత్రాన వసంతం రానట్టే, ఒక్క మంచి రోజుతో మనిషి సుఖి అయిపోడు. ధైర్యం పుట్టుకతో రాదు, ధైర్యంగా ప్రవర్తించి ప్రవర్తించి వస్తుంది. ఇల్లు కట్టీ కట్టీ తాపీ మేస్త్రీ అయినట్టు. ఇలా సంపాదించుకున్న గుణం డబ్బులాగా ఒక్క రాత్రిలో పోయేది కాదు, కాబట్టి అదృష్టం పిడికిలి అక్కడ కొంత సడలుతుంది. ఇక్కడ అతను చెప్పిన చెప్పులు కుట్టేవాడి పోలిక బాగుంటుంది. మంచి పనివాడు ఉన్న తోలుతోనే కుదిరినంత మంచి చెప్పు కుడతాడు. మనిషీ అంతే, వచ్చిన పరిస్థితితోనే చేయగలిగిన మేలైన పని చేస్తాడు. అలాంటివాడు ఎన్ని కష్టాలొచ్చినా నీచానికి దిగడు కాబట్టి, దౌర్భాగ్యుడు మాత్రం కాడు. కానీ ప్రయామ్‌కు వచ్చినంత కష్టం వస్తే, సుఖి అని కూడా అనలేం.

ఇది తప్పించుకునే జవాబులా కనిపించవచ్చు. నిజానికి ఈ చర్చ మొత్తంలో అత్యంత నిజాయితీ గల వాక్యం ఇదే. తోలు బొత్తిగా లేకపోతే పనివాడు ఏం చేస్తాడు? అరిస్టాటిల్ తోలు జాబితా కూడా ఇచ్చాడు: స్నేహితులు, కొంత డబ్బు, మంచి పుట్టుక, మంచి సంతానం, చివరికి చూడదగ్గ రూపం. మరీ కురూపి అయినవాడు, పిల్లలు లేని ఒంటరివాడు పూర్తిగా సుఖి కాలేడట. ఈ జాబితా చదువుతుంటే మన పెళ్లి సంబంధాల పేరయ్య గొంతు వినిపిస్తుంది. బానిసలకు సుఖంలో వాటా లేదని కూడా అతను రాశాడు. క్రీ.పూ. 335 ప్రాంతంలో ఏథెన్స్‌లో లైసియం అనే బడి నడిపిన ఈ మహామేధావికి, తన ఊరి ఇళ్లలో నీళ్లు మోస్తున్న మనుషుల బతుకు లెక్కలోకి రాలేదు.

అదృష్టం వాటాను తగ్గించడానికి ఎపిక్యూరస్ ఇంకో దారి పట్టాడు. పోగొట్టుకోవడానికి ఎక్కువ లేకుండా చూసుకుంటే సరి. క్రీ.పూ. 341లో సామోస్ దీవిలో పుట్టి, 306 ప్రాంతంలో ఏథెన్స్ గోడల బయట ఒక తోట కొని, మిత్రులతో అక్కడే ఉండిపోయాడు. ఆ తోటలోకి ఆడవాళ్లకూ, బానిసలకూ ప్రవేశం ఉండేది. తోట గుమ్మం మీద, అతిథీ, ఇక్కడ నీకు బాగుంటుంది, ఇక్కడ భోగమే పరమార్థం అని రాసి ఉండేదని రోమన్ రచయిత సెనెకా చెబుతాడు. ఆ బోర్డు చూసి లోపలికి వెళ్లినవాడికి పెట్టేది బార్లీ పిండి వంటకం, కావలసినన్ని నీళ్లు. ఒక ఉత్తరంలో ఎపిక్యూరస్, చిన్న కుండెడు జున్ను పంపు, ఎప్పుడైనా విందు చేసుకోవాలనిపిస్తే పనికొస్తుంది అని అడిగాడు.

కోరికలను అతను మూడు రకాలుగా విడగొట్టాడు. ఆకలి, దాహం, గూడు లాంటివి సహజం, అవసరం. పంచభక్ష్య పరమాన్నాలు సహజమే కానీ అవసరం కాదు. విగ్రహాలు, కిరీటాలు, పేరుప్రతిష్ఠలు రెండూ కాదు. మొదటి రకం చవగ్గా తీరిపోతాయి, పైగా వాటికి ఒక హద్దు ఉంది. కడుపు నిండాక ఇంకా తినలేం కదా. మూడో రకానికి హద్దే లేదు, కాబట్టి వాటి వెంట పడినవాడు ఎప్పుడూ అదృష్టం గుమ్మం దగ్గరే కాచుకుని కూర్చోవాలి. నొప్పి లేని ఒళ్లు, టెన్షన్ లేని మనసు ఉంటే సుఖం అక్కడికి నిండిపోయినట్టే. ఆ పైన పెరగడం ఉండదు, రుచి మారడమే ఉంటుంది. ఇక చావు భయం సంగతి: మనం ఉన్నంత వరకు చావు లేదు, చావు వచ్చాక మనం లేము, ఇక భయం ఎవరికి?

ఇంత పొదుపుగా బతికినవాడి పేరు మీద ఇంగ్లిష్‌లో తిండి రుచులు మరిగినవాణ్ణి ‘ఎపిక్యూర్’ అని పిలవడం చరిత్ర చేసిన వేళాకోళం. బతికుండగానే అతని మీద ఈ నింద మొదలైంది. బడి నుంచి విడిపోయిన టిమోక్రటిస్ అనే శిష్యుడు, మా గురువు తిండిపోతు, రోజుకు రెండుసార్లు వాంతి చేసుకునేవాడు అని ప్రచారం చేశాడు. మన చార్వాకులకూ ఇదే గతి పట్టింది. వాళ్ల గ్రంథాలు దాదాపుగా పోయాయి, ‘ఋణం కృత్వా ఘృతం పిబేత్’ అన్న మాట మాత్రం వాళ్లను ఖండించినవాళ్ల పుస్తకాల ద్వారా మిగిలింది. సుఖం మంచిదే అన్న పాపానికి రెండు చోట్లా ఒకే శిక్ష.

ఎపిక్యూరస్ సిద్ధాంతానికి పరీక్ష క్రీ.పూ. 295 ప్రాంతంలో వచ్చింది. డెమిట్రియస్ అనే సేనాని ఏథెన్స్‌ను ముట్టడించి, ధాన్యం రాకుండా దారులు మూసేశాడు. ఆ కరువు ఎలా ఉండేదో గ్రీకు రచయిత ప్లుటార్క్ రాశాడు. ఒక ఇంట్లో తండ్రీ కొడుకూ ఆశలు వదిలేసుకుని కూర్చున్నారు. పైకప్పు నుంచి చచ్చిన ఎలుక ఒకటి కింద పడింది. దాని కోసం ఇద్దరూ లేచి కొట్టుకున్నారు. అదే ఊళ్లో ఎపిక్యూరస్ చిక్కుడు గింజలను లెక్కపెట్టి శిష్యులకు పంచి, తన వాళ్లను బతికించుకున్నాడు.

ఈ రెండు దృశ్యాలూ పక్కపక్కన పెడితే తోట గొప్పతనం కనిపిస్తుంది, దాని హద్దూ కనిపిస్తుంది. తక్కువతో బతకడం ముందే నేర్చుకున్నవాళ్లు కరువులో కొట్టుకోలేదు. కానీ రాజకీయాల జోలికి పోవద్దు, ఎవరి కంటా పడకుండా బతుకు అన్నది ఎపిక్యూరస్ బోధ. అందరూ తోటలోనే కూర్చుంటే దారులు ఎవరు తెరిపించాలి? ఇంకో మాట కూడా ఉంది. ఆ తోట ఖరీదు 80 మైనాలు, అంటే 8,000 డ్రాక్మాలు. పనితనం ఉన్న కూలివాడికి రోజుకు ఒకటి రెండు డ్రాక్మాలు వచ్చే కాలమది. బార్లీతో సరిపెట్టుకోవడానికి కూడా ముందు కాస్త ఆస్తి, చందాలిచ్చే మిత్రులు ఉండాల్సి వచ్చింది. అరిస్టాటిల్ చెప్పిన తోలు ఇక్కడా అవసరమే.

స్టోయిక్కులు ఈ బేరసారాలేవీ వద్దన్నారు. వాళ్ల మూలపురుషుడు జీనో సైప్రస్ వ్యాపారి. సరుకుతో వస్తున్న ఓడ మునిగి, ఏథెన్స్‌లో ఒక పుస్తకాల దుకాణం ముందు కూర్చున్నప్పుడు అతనికి తత్వశాస్త్రం పరిచయమైందని కథ. ఆ ఓడ మునగడమే నాకు కలిసొచ్చిన ప్రయాణం అని తర్వాత అనేవాడట. క్రీ.పూ. 300 ప్రాంతంలో బొమ్మలు వేసిన ఒక వసారాలో పాఠాలు మొదలుపెట్టాడు. వాళ్ల వాదం ఒక్క ముక్కలో చెప్పాలంటే, అదృష్టం వాటా సున్నా. మంచితనం ఒక్కటే మంచి. ఆరోగ్యం, డబ్బు, పిల్లలు ఉంటే మేలే, వాటిని కోరుకోవడం సహజమే, కానీ అవి లేనంత మాత్రాన సుఖం తరగదు. విలుకాడు గురి చూసి వదిలేదాకా చేయాల్సిందంతా చేస్తాడు, బాణం తగలడం తగలకపోవడం అతని చేతిలో లేదు. సరిగ్గా వదలడమే అతని పని. గీతలోని ‘కర్మణ్యేవాధికారస్తే’ గుర్తుకు రావడం సహజమే, కానీ ఆ పోలిక కొంత దూరమే నడుస్తుంది. స్టోయిక్కు ఫలాన్ని ఎవరికీ సమర్పించడు, దాన్ని లెక్కలోంచి తీసేస్తాడు.

ఈ వాదానికి బలం ఇచ్చింది ఎపిక్టెటస్ లాంటి మనుషులు. బానిసగా పుట్టినవాడు, కుంటివాడు. అరిస్టాటిల్ తలుపు మూసిన చోట ఇతను గట్టిగా తట్టి లోపలికొచ్చాడు. కొన్ని మన చేతిలో ఉన్నాయి, కొన్ని లేవు అని అతని చిన్న పుస్తకం మొదలవుతుంది. దేవుడి దగ్గర పెట్టుకున్న ఇనుప దీపాన్ని ఎవరో ఎత్తుకుపోయారు. చప్పుడు విని వెళ్లి చూస్తే దీపం లేదు. రేపు మట్టి దీపం తెచ్చుకుంటే సరి అనుకున్నాడు. మనిషి పోగొట్టుకునేది తన దగ్గర ఉన్నదాన్నే కదా అన్నాడు. అతను పోయాక ఒక అభిమాని ఆ మట్టి దీపాన్ని 3,000 డ్రాక్మాలకు కొన్నాడని వ్యంగ్య రచయిత లూసియన్ ఎగతాళి చేశాడు. ఇప్పుడు రీల్స్‌లో స్టోయిక్ సూక్తులు పెట్టి కోర్సులు అమ్మేవాళ్లకు ఆ అభిమానే ఆద్యుడు.

దీపం పోతే సరే. బిడ్డ పోతే? ఎపిక్టెటస్ అక్కడా తగ్గలేదు. బిడ్డను ముద్దు పెట్టుకునేటప్పుడు, రేపు నువ్వు చనిపోవచ్చు అని లోలోపల అనుకో అన్నాడు. తెలుగు ఇంట్లో ఈ మాట పైకి అంటే పెద్దవాళ్లు వెంటనే నోరు మూయించి దిష్టి తీస్తారు. ఆ ప్రతిస్పందన మూఢత్వమని కొట్టేయడానికి లేదు. పోతుందని ముందే సిద్ధపడిన ప్రేమ పూర్తి ప్రేమేనా అన్న ప్రశ్న అందులో ఉంది.

ఎపిక్టెటస్ పుట్టడానికి సుమారు వందేళ్ల ముందే ఈ సిద్ధాంతాలన్నీ ఒక్క మనిషి ఇంట్లో పరీక్షకు నిలబడ్డాయి. క్రీ.పూ. 45 ఫిబ్రవరిలో రోమన్ నేత సిసిరో కూతురు తుల్లియా ప్రసవం తర్వాత చనిపోయింది. అతను మిత్రుడు అట్టికస్ ఇంట్లో కొన్నాళ్లు ఉండి, దుఃఖం తగ్గించుకోవడం గురించి ఎవరెవరు ఏం రాశారో అన్నీ చదివాడు. తర్వాత అస్తురా అనే సముద్రతీర గ్రామానికి వెళ్లిపోయాడు. పొద్దున్నే దట్టమైన ముళ్ల అడవిలోకి వెళ్లి దాక్కుంటున్నాను, సాయంత్రం దాకా బయటికి రావడం లేదు అని ఉత్తరం రాశాడు. చదవని పుస్తకం లేదు, కానీ ఏ ఓదార్పునైనా నా బాధ ఓడిస్తోంది అని ఇంకో ఉత్తరం.

అదే ఏడాది అతను వరసగా తత్వగ్రంథాలు రాశాడు. వాటిలో ఒకదానిలో ఎపిక్యూరస్ ఆఖరి ఉత్తరాన్ని లాటిన్‌లోకి తెచ్చాడు. రాళ్ల జబ్బుతో రెండు వారాలు నరకం చూసి, గోరువెచ్చని నీళ్ల కంచు తొట్టెలో కూర్చుని చనిపోయిన ఎపిక్యూరస్ ఆ రోజు ఒక మిత్రుడికి ఇలా రాశాడు: ఇది నాకు ఆనందమైన రోజు, ఆఖరి రోజు కూడా. నొప్పి ఇంతకంటే పెరిగే వీలు లేదు. మన పాత కబుర్ల జ్ఞాపకంతో దాన్ని తూకం వేస్తున్నాను. మెట్రొడోరస్ పిల్లలను చూసుకో. మెట్రొడోరస్ అంతకు ముందే చనిపోయిన స్నేహితుడు. వీలునామాలో ఆ ఇంటి ఆడపిల్ల పెళ్లికి, కట్నానికి కూడా ఎపిక్యూరస్ ఏర్పాటు చేశాడు, మిస్ అనే బానిసను విడుదల చేశాడు.

సిసిరో ఇక్కడే పట్టుకున్నాడు. భోగమే పరమార్థమైతే, ఇంకో గంటలో చనిపోయేవాడికి పరాయి పిల్లల దిగులెందుకు? ఈ ఉత్తరం రాసినవాడు గొప్పవాడు, కానీ అతని సిద్ధాంతం ఈ ఉత్తరాన్ని రాయనివ్వదు అన్నాడు. మంచి దెబ్బే. అయితే ఆ దెబ్బ కొట్టినవాడికీ అదే తగులుతుంది. ఆ ఎండాకాలం టస్కులమ్‌లోని తన తోట ఇంట్లో సిసిరో ఇంకో పుస్తకం రాశాడు. అందులో ఆఖరి భాగం వాదించేదంతా, సుఖంగా బతకడానికి సద్గుణం ఒక్కటి చాలు, ఏ నష్టమూ జ్ఞానిని కదిలించలేదని. అంతకు కొద్ది నెలల ముందు దాకా అతను అట్టికస్‌కు దాదాపు రోజూ ఉత్తరాలు రాస్తూ, టైబర్ నది అవతల ఏ తోట అమ్మకానికి ఉందో, ధర ఎంత చెబుతున్నారో, వాయిదాల్లో ఇస్తారో లేదో వాకబు చేయిస్తూ వచ్చాడు. ఆ స్థలం తుల్లియాకు గుడి కట్టడానికి. సమాధి కాదు, గుడే కావాలని పట్టుబట్టాడు. బేరం ఎక్కడా కుదరలేదు. మూడేళ్లు తిరగకుండానే, క్రీ.పూ. 43 డిసెంబరులో సిసిరోను చంపేశారు.